తలుపు తట్టే చెయ్యి

ధ్యాన భాగం: అపొస్తలుల కార్యములు 12:1–17, కీర్తన 121

మా ఇంటి తలుపుకి గడియ మనం వేస్తేనే పడుతుంది. నరసరావుపేటలో మా మామగారు కట్టించిన ఇల్లు. టేకు తలుపు వానాకాలం వస్తే ఉబ్బిపోయి సరిగ్గా మూతపడదు కూడా. గొళ్ళెం పెట్టి, తాళంకప్ప వేసి, రెండుసార్లు లాగి చూసుకుంటే గానీ తాళం వేసినట్టు కాదు. అలాంటి తలుపుతో నలభై ఏళ్ళు బతికిన చేతికి, దానంతటదే తాళం పడిపోయే తలుపు అలవాటు కావాలంటే ఎలా అవుతుంది?

రెండేళ్ళ కిందట జనవరి నెలలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, బఫెలో నగరం పక్కనే ఉన్న ఆమ్‌హర్స్ట్. మనవరాలికి ఐదో నెల. అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. అల్లుడు ఆ వారం పని మీద వేరే ఊరు వెళ్ళాడు. పగలంతా ఇంట్లో నేనూ పసిపిల్లా.

ఆ రోజు పదకొండు గంటలకి పాపకి పాలు పట్టి పడుకోబెట్టాను. కుక్కర్లో కందిపప్పు పెట్టి స్టవ్ మీదకి ఎక్కించాను. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద పార్సిల్ పెట్టె ఒకటి కనిపించింది. పాప డైపర్లు. దాని మీద అప్పటికే జానెడు మంచు పేరుకుంది. అట్టపెట్టె నానిపోతుందేమో, రెండడుగులే కదా అనుకుని తలుపు తీశాను. నేత చీర, పైన స్వెట్టరు, సాక్సుల మీద రబ్బరు చెప్పులు. వంగి పెట్టె ఎత్తుకునే లోపల గాలి వచ్చి వెనక తలుపుని టపీమని వేసేసింది.

గుబ్బ తిప్పి చూశాను. కదల్లేదు. ఫోను వంటింటి గట్టు మీద ఉంది. తాళంచెవి లోపల గోడ కొక్కేనికి ఉంది. పాప ఉయ్యాల తొట్టిలో, కుక్కరు పొయ్యి మీద. నేను మాత్రం బయట.

నీకూ అలాంటి చప్పుడు ఒకటి ఎప్పుడో వినిపించి ఉంటుంది నేస్తం. డాక్టరు రిపోర్టు చూస్తూ మాట ఆపేసిన ఆ క్షణం కావచ్చు. ఇక రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదన్న మాట కావచ్చు. కన్నకొడుకు విసురుగా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న రాత్రి కావచ్చు. అంతకు ముందు నిమిషం దాకా అన్నీ మన చేతిలోనే ఉన్నట్టుంటాయి. ఆ తర్వాత మనకి కావలసినవన్నీ అటువైపు ఉంటాయి, మనం ఇటువైపు ఉంటాం.

సున్నా డిగ్రీల ఫారన్‌హీట్ అంటే మన లెక్కలో మైనస్ 18. ఆ చలికి గంటకి 15 మైళ్ళ గాలి తోడైతే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉందని అక్కడి వాతావరణ శాఖ పట్టిక చెబుతుంది. మా అల్లుడు ఆ పట్టికని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. రోజూ చూసేదాన్ని. ఆ రోజు అదే చలి, అదే గాలి. చలి ముందు వేళ్ళలో సూదులు గుచ్చినట్టు నొప్పిగా మొదలైంది. కాసేపటికి నొప్పి పోయింది. నొప్పి పోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

గ్యారేజీ తలుపుకి అంకెలు నొక్కే పలక ఉంది. నాలుగంకెలూ గుర్తున్నాయి. మీది మంచు గీకి నొక్కాను. దీపం వెలగలేదు. చలికి బ్యాటరీ చచ్చిపోయింది. మోకాటి లోతు మంచులో ఇంటి వెనక్కి నడిచాను. ఆ తలుపూ వేసే ఉంది. సాక్సులు తడిసిపోయాయి. మళ్ళీ ముందుకు వచ్చి తలుపుకి చెవి ఆనించాను. పాప ఏడుపు లేదు. కుక్కరు కూత మాత్రం వినిపించింది. ఒకటి.

అప్పుడు చేసిన ప్రార్థనలో మాటలు మూడే. "ప్రభువా, దాన్ని చూడు."

చిన్నప్పటి నుంచీ 121వ కీర్తన నాకు కంఠతా వచ్చు. యాత్రకీర్తన అని దానికి పేరు. ప్రయాణం కట్టినప్పుడల్లా ఇంట్లో అందరం కలిసి చదివి బయల్దేరడం మా పుట్టింటి అలవాటు. కునకని, నిద్రపోని కాపరి గురించి అందులో ఉంటుంది. ఇన్నేళ్ళూ అది చదువుతూ, ఎక్కడికి వెళ్తే అక్కడికి నా వెంట రమ్మని ఆయన్ని అడిగాను. నేను వెళ్ళలేని గదిలో కూడా ఆయన ఉన్నాడన్న ఆలోచన ఆ గుమ్మంలోనే మొదటిసారి వచ్చింది. పాప పక్కన నేను లేను. ఆయన ఉన్నాడు. తొట్టి పక్కన కునకకుండా కూర్చున్నవాడే నా తడిసిన చెప్పుల పక్కన నిలబడి ఉన్నాడు. తాళం నన్నూ పాపనీ విడదీసింది గానీ ఆయన్ని మా ఇద్దరిలో ఎవరి దగ్గరి నుంచీ విడదీయలేకపోయింది.

నువ్వు ఎవరి గురించి దిగులు పడుతున్నావో నాకు తెలియదు. హాస్టల్లో ఉన్న పిల్ల గురించా? ఐసీయూ అద్దం అవతలున్న భర్త గురించా? ఫోను ఎత్తని అన్న గురించా? నిన్ను లోపలికి రానివ్వని ఆ గదిలో, నీ చెయ్యి అందని ఆ మంచం పక్కన ఆయన ఉన్నాడు. ఈ మాట ఊరికే ఓదార్పు కోసం చెప్పడం లేదు. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషిగా చెబుతున్నాను.

నా మనసు కాస్త కుదుటపడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ప్రార్థన చేశాను కాబట్టి ఇంకోసారి గుబ్బ తిప్పితే తిరుగుతుందేమోనని నిజంగానే ఆశపడ్డాను. తిప్పాను. తిరగలేదు. లోపల రెండో కూత వినిపించింది.

ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. మూడు నెలలుగా ఒకరికొకరం చెయ్యి ఊపుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. రోడ్డు దాటితే ఆవిడ గుమ్మం. ఆ ఇంటి కిటికీలో దీపం వెలుగుతోంది. అది కనిపిస్తూనే ఉన్నా నేను ముందు గ్యారేజీ దగ్గరికి, ఆ తర్వాత వెనక తలుపు దగ్గరికి ఎందుకు తిరిగానో నీకు చెప్పాలి. సిగ్గు. నా ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాకపోతే? పసిపిల్లని లోపల వదిలి బయటికి వచ్చిందేమిటి అనుకుంటే? మా అమ్మాయికి మాట వస్తే? ఇలా ఒకరి ముందు చెయ్యి చాచలేక మంచులో నిలబడిపోయేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. దేవుణ్ణి అడగడానికి రాని సిగ్గు మనిషిని అడగాలంటే వస్తుంది.

పెట్టె అక్కడే పడేసి రోడ్డు దాటాను. ఆవిడ తలుపు తట్టాను. పలకలేదు. మళ్ళీ తట్టాను. లోపల టీవీ చప్పుడు వినిపిస్తోంది. పిడికిలి బిగించి, తలుపు మీద చెయ్యి ఆగకుండా కొట్టాను. చేతికర్ర చప్పుడు మెల్లగా దగ్గరైంది. తలుపు తెరుచుకుంది.

"బేబీ... ఇన్‌సైడ్. కీ... ఇన్‌సైడ్" అన్నాను. ఇంకొక్క మాట రాలేదు. ఆవిడకి ఆ నాలుగు మాటలూ చాలాయి. నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది. ఫోను చేతికిచ్చింది. నాకు నోటికి వచ్చిన నంబరు ఒకటే, మా ఇంటి పాత ల్యాండ్‌లైన్ నంబరు. దాన్ని తీయించేసి ఏళ్ళయింది. ఆవిడే 911కి ఫోను చేసింది. నేను అలవాటు కొద్దీ అరచేతులు గట్టిగా రుద్దుకోబోతే వద్దని ఆపింది. గడ్డకట్టిన చర్మాన్ని రుద్దితే ఇంకా దెబ్బతింటుందట. గోరువెచ్చటి నీళ్ళు గిన్నెలో పోసి, ముందు తన మోచెయ్యి ముంచి చూసుకుని, ఆ తర్వాత నా చేతులు అందులో పెట్టింది. పసిపిల్లకి స్నానం పోసేముందు మనం నీళ్ళు చూసుకునేది కూడా మోచేత్తోనే.

కాసేపట్లో ఫైరింజను వచ్చింది. వాళ్ళు సన్నటి పనిముట్టు ఒకటి తలుపు సందులో దూర్చి ఒక్క నిమిషంలో తెరిచారు. పప్పు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. పాప పిడికిలి తల పక్కన పెట్టుకుని నిద్రపోతోంది. ఇంత జరిగినా ఒక్కసారీ లేవలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చి విని గొల్లుమంది. "అమ్మా, నాకేం తెలుసు? మా దగ్గర ఎండ కాసింది" అంది. ఆ పిల్ల పని చేసేది ఊరికి దక్షిణాన, పదిహేను మైళ్ళ అవతల. బఫెలోలో మంచు అలాగే పడుతుంది. ఈరీ సరస్సు నీళ్ళు గడ్డకట్టేదాకా పైన వీచే చలిగాలి కంటే వెచ్చగా ఉంటాయి. గాలి ఆ తడినంతా పీల్చుకుని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. అది పడేది సన్నటి పట్టీలా. ఒక వీధి మునిగిపోతుంటే కొద్ది మైళ్ళ అవతల నీలాకాశం ఉంటుంది.

ఈ సంగతి తెలిశాక ఎంతో మంది మీద నాకున్న మనస్తాపం తగ్గింది. నేను కష్టంలో ఉన్నప్పుడు పలకరించని చెల్లెలికి నా మీద ప్రేమ లేక కాదేమో. ఆవిడ ఉన్నచోట ఎండ కాసిందేమో. నీ మీద కురిసే మంచు పక్కవాళ్ళకి కనిపించడం లేదని నీకు అనిపిస్తోందా? కనిపించకపోవచ్చు. నువ్వు చెబితే తప్ప తెలియకపోవచ్చు.

మర్నాడు ఎదురింటావిడ మా ఇంటికి టీ తాగడానికి వచ్చింది. అమ్మాయి ఆవిడ మాటలు నాకు తెలుగులో చెబుతూ కూర్చుంది. బఫెలోకి మంచి ఇరుగుపొరుగుల నగరం అని పేరుందట. 2022 క్రిస్మస్ తుపాను గురించి చెప్పింది. డిసెంబరు 23న మొదలై 37 గంటలు ఏకధాటిగా చెలరేగింది. విమానాశ్రయం దగ్గర 50 అంగుళాలకు పైగా మంచు కురిసింది. అంబులెన్సులు కదల్లేకపోయాయి. 40 మందికి పైగా చనిపోయారు, కొందరు కార్లలో, కొందరు వీధుల్లో, కొందరు సొంత ఇళ్ళలోనే.

ఆ తుపాను మొదటి రోజే, మా అమ్మాయి ఇంటికి దగ్గర్లోని విలియమ్స్‌విల్‌లో ఒక వ్యాను మంచులో కూరుకుపోయింది. నయాగరా జలపాతం చూడాలని బయల్దేరిన తొమ్మిది మంది కొరియా యాత్రికులు, డ్రైవరు. వాళ్ళలో ఇద్దరు దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టారు. అడిగింది మంచు తవ్వడానికి పారలు. ఆ ఇంటి దంపతులు పది మందినీ లోపలికి పిలిచి, పండగ దాకా తమతోనే ఉంచుకున్నారు. ఆ దంపతులకి కొరియా వంటలంటే ఇష్టం. ఆ వంటకి కావలసిన సరుకులు అప్పటికే ఇంట్లో ఉన్నాయి. దారి తప్పినవాళ్ళు దేశం కాని దేశంలో, తుపాను మధ్యలో, సొంత ఊరి కూర వండుకుని తిన్నారు. వాళ్ళు అడిగింది పార. దొరికింది భోజనం బల్ల. ఆ సరుకులు ఆ అలమరలో ముందే ఎవరు పెట్టించారంటావు?

అదే తుపానులో వేరొకతను పదిళ్ళ తలుపులు తట్టాడట. డబ్బిస్తానన్నా ఒక్కరూ తెరవలేదు. చివరికి ఒక బడి కిటికీ పగలగొట్టి లోపలికి వెళ్ళి, మంచులో చిక్కుకున్న ఇరవై మందికి పైగా మనుషుల్ని తెచ్చి కాపాడాడు. ఇది నీకు చెప్పకుండా దాచలేను. కొన్ని తలుపులు తెరుచుకోవు. నువ్వూ తట్టి, చెయ్యి నొప్పెట్టి, వెనక్కి వచ్చినదానివో, వచ్చినవాడివో అయ్యుంటావు. ఆ బాధ చిన్నదని నేననను.

ఆ రాత్రి నిద్ర పట్టక అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం తీశాను. హేరోదు యాకోబుని కత్తితో చంపించి, పేతురుని చెరలో వేయించాడు. నాలుగేసి సైనికులున్న నాలుగు జట్ల కాపలా, రెండు సంకెళ్ళు. దేవదూత వచ్చి లేపాడు. సంకెళ్ళు ఊడిపడ్డాయి. ఊళ్ళోకి వెళ్ళే ఇనుప గవిని దానంతటదే తెరుచుకుంది. ఒక వీధి దాటాక దూత వెళ్ళిపోయాడు. పేతురు, మార్కు తల్లి మరియమ్మ ఇంటికి వచ్చి తలుపు తట్టాడు.

ఆ తలుపు మాత్రం దానంతటదే తెరుచుకోలేదు.

ఎన్నిసార్లు చదివానో ఈ అధ్యాయం! ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఇనుప గవినిని తెరిచిన దేవునికి ఇంటి తలుపు ఒక లెక్కా? ఆయన ఎందుకు తెరవలేదో అక్కడ రాయలేదు. నాకు తోచింది మాత్రం చెబుతాను. ఆ ఇంట్లోవాళ్ళు పేతురు కోసమే రాత్రంతా ప్రార్థిస్తున్నారు. వాళ్ళ ప్రార్థనకి జవాబు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ జవాబుని లోపలికి తెచ్చుకునే పనిని దేవుడు వాళ్ళ చేతికే వదిలాడు. రొదే అనే చిన్న పిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక, గడియ తీయడం మరిచిపోయి లోపలికి పరుగెత్తింది. నీకు మతి పోయిందన్నారు మిగతావాళ్ళు. తప్పించుకున్న ఖైదీ వీధిలో నిలబడి ఉన్నాడు. ఏ మూల నుంచి సైనికులు వస్తారో తెలియదు. అయినా పేతురు తడుతూనే ఉన్నాడు.

అంతకు ముందు కొన్నేళ్ళ కిందట కూడా ఇలాగే ఒక పస్కా పండగ రాత్రి, ఇలాగే ఒక గుమ్మం, గుమ్మం దగ్గర ఒక పనిపిల్ల. ప్రధాన యాజకుని ఇల్లు. చలిగా ఉందని లోపల నిప్పులు వేసుకున్నారు. ఆ తలుపు పేతురుకి తేలిగ్గానే తెరుచుకుంది. లోపలికి వెళ్ళి చలి కాచుకుంటూ, తన ప్రభువెవరో తెలియదన్నాడు. ఈ రెండో రాత్రి వెచ్చటి ఇల్లు లోపల ఉంది, తను బయట ఉన్నాడు. కానీ ఈసారి పేతురు ఒంటరివాడు కాడు. మూసిన తలుపు ముందు నిలబడి ఉండటం దేవుడు కోపగించుకున్నాడనడానికి గుర్తు కాదు. ఆయన అప్పుడే చెరలోంచి తీసుకొచ్చిన మనిషిని కూడా గుమ్మంలో కాసేపు నిలబెట్టాడు.

అలిసిపోయావు కదా? కూర్చో. ఇద్దరం కలిసి అడుగుదాం. తండ్రీ, తలుపుకి అటూ ఇటూ ఉన్నవాడా, మా చెయ్యి అందని చోట ఉన్న మావాళ్ళ పక్కన కూర్చో. అడగడానికి సిగ్గుపడే మా నోటికి నాలుగు మాటలివ్వు. మా గుమ్మం బయట ఎవరైనా నిలబడి ఉంటే, మేము ప్రార్థనలో మునిగిపోయి ఆ చప్పుడు వినకుండా పోకుండా కాపాడు. ఆమేన్.

నేను ఇండియాకి తిరిగి వచ్చే ముందు ఆ ఇంటి రెండో తాళంచెవికి ఎర్ర దారం కట్టి ఎదురింటావిడకి ఇచ్చాను. ఆవిడ లోపలికి వెళ్ళి తన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్కతే ఉంటుంది. ఎప్పుడైనా కింద పడితే మా అమ్మాయి రావాలని. ఎన్నేళ్ళుగా ఎవరికివ్వాలా అని చూస్తోందో. మూడు నెలలు ఎదురెదురుగా ఉండి చెయ్యి ఊపుకుంటూ గడిపేశాం.

ఇవాళ నువ్వు కూడా ఒక పని చెయ్యి. నీ కష్టం చెప్పుకోదగ్గ మనిషి పేరు ఒకటి ఈపాటికే నీకు గుర్తొచ్చి ఉంటుంది. ఏమనుకుంటారోనని ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన పేరు. రాత్రి దాకా ఆగకుండా, ఈ పుస్తకం మూయగానే ఫోను తియ్యి. మొదటిసారి ఎత్తకపోతే, కాసేపాగి మళ్ళీ చెయ్యి.